హైదరాబాద్ ఏడాదికి ఎంత జరుగుతోంది: 5.4 సెంటీమీటర్లా, 3.7 సెంటీమీటర్లా?

#1 భూగోళం_టీచరు

పదో తరగతి పిల్లల కోసం ప్లేట్ల కదలిక మీద గోడ చార్టు తయారవుతోంది. భారత ప్లేటు వేగం దగ్గర పని ఆగింది. ఒకచోట ఏడాదికి 5.4 సెం.మీ., ఈశాన్యంగా అని ఉంది. ఇంకోచోట 3.7 సెం.మీ., దాదాపు ఉత్తరంగా అని ఉంది. రెండూ జీపీఎస్ కొలతల నుంచి వచ్చినవే, రెండూ ఇప్పటి వేగాలే. ఏది రాయాలి? సగటు తీసి 4.5 అని రాసేయడం పిల్లల్ని మోసం చేయడమే అవుతుంది. కారణంతో సహా చెప్పగలరా?

ఇంకొకటి. పాత చార్టులో "ఎవరెస్టు ఏటా 1 సెం.మీ. పెరుగుతోంది" అని ఉంది. ఉంచాలా, తీసేయాలా?

#2 సర్వే_గొలుసు

టీచరు గారూ, రెండూ సరైనవే. దేనితో పోల్చి కొలిచారన్నది రాయకపోవడంతోనే ఈ చిక్కు వచ్చింది.

5.4 అన్నది ఐటీఆర్‌ఎఫ్ అనే ప్రపంచ చట్రంలో వచ్చే అంకె. ఏ ఒక్క ప్లేటునూ కదలనిదిగా తీసుకోకుండా, ప్లేట్లన్నిటి చలనాన్నీ కలిపితే మొత్తం భ్రమణం సున్నా అయ్యేలా ఆ చట్రాన్ని అమర్చారు. అందులో హైదరాబాద్ ఏడాదికి తూర్పుకు సుమారు 41 మి.మీ., ఉత్తరానికి 35 మి.మీ. జరుగుతుంది. రెండూ కలిపితే 54 మి.మీ. చిల్లర తక్కువ. దిశ ఉత్తరం నుంచి తూర్పుకు 49 డిగ్రీలు, అంటే ఈశాన్యమే.

3.7 యురేషియా ప్లేటును కదలనిదిగా అనుకుంటే వచ్చేది. యురేషియా కూడా తూర్పు వైపు జరుగుతోంది కాబట్టి, దాంతో పోలిస్తే మన తూర్పు వాటా 41 నుంచి 13కు పడిపోతుంది. ఉత్తరపు వాటా 34 దగ్గరే నిలుస్తుంది. కలిపితే 37 మి.మీ., దిశ ఉత్తరం నుంచి 21 డిగ్రీలు తూర్పుకు. హిమాలయాలకు సంబంధించిన పాఠమైతే 3.7 వాడండి, ఎందుకంటే అక్కడ గుద్దుకుంటున్నవి ఈ రెండు ప్లేట్లే. ప్రపంచ పటం మీద ప్లేట్లన్నిటికీ బాణాలు గీసే చార్టయితే 5.4.

#3 భూగోళం_టీచరు

ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదండీ. ఒక కోరిక. ఈ 54 అన్న అంకె పిల్లలు కాలిక్యులేటర్ మీద తామే రాబట్టగలరా? అంకె తమ చేతిలోంచి వస్తే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

#4 సర్వే_గొలుసు

రాబట్టగలరు. సైన్, కొసైన్ తెలిస్తే చాలు.

గోళం మీద గట్టి పలక ఎలా కదిలినా, ఆ కదలికను ఒకే ఒక్క ఇరుసు చుట్టూ తిరగడంగా చెప్పొచ్చు. ఆ ఇరుసు భూమి ఉపరితలాన్ని తాకే చోటు ఆయిలర్ ధ్రువం. తిరగలి గుర్తు తెచ్చుకోండి: నడిమి మేకు దగ్గర రాయి నెమ్మదిగా, అంచున వేగంగా కదులుతుంది. 2014 నాటి ఐటీఆర్‌ఎఫ్ లెక్కలో భారత ప్లేటు తిరగలికి మేకు 51.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 0.2 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర పడుతుంది. అది లండన్‌లోనే! అక్కడ నిజంగా ఏ మేకూ లేదు, ఆ చోటు భారత ప్లేటు మీద కూడా లేదు, అది గణితంలో వచ్చే బిందువు. తిరిగే వేగం పది లక్షల ఏళ్లకు 0.516 డిగ్రీ.

మొదట మేకుకూ హైదరాబాద్‌కూ మధ్య కోణం కావాలి. హైదరాబాద్ 17.4 ఉత్తరం, 78.55 తూర్పు. రేఖాంశాల తేడా 78.8 డిగ్రీలు.

కొసైన్ (కోణం) = సైన్ 51.6 × సైన్ 17.4 + కొసైన్ 51.6 × కొసైన్ 17.4 × కొసైన్ 78.8

ఇది సుమారు 0.349 వస్తుంది. కోణం 69.5 డిగ్రీలు. దాని సైన్ 0.937.

తర్వాత 0.516 డిగ్రీని రేడియన్లలోకి మార్చండి: 0.009006. పది లక్షల ఏళ్లతో భాగించి, భూమి వ్యాసార్థం 6371 కి.మీ.ని మి.మీ.లలో పెట్టి గుణిస్తే 57.4 మి.మీ. దాన్ని 0.937తో గుణిస్తే 53.8 మి.మీ. అదే మన 5.4 సెం.మీ.

పిల్లలు తప్పేది మూడు చోట్ల. కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండిపోతుంది. పశ్చిమ రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోయి 78.55లోంచి 0.2 తీసేస్తారు, కలపాలి. కిలోమీటరులో పది లక్షల మిల్లీమీటర్లున్నాయని మరిచి సున్నాలు జారవిడుస్తారు.

#5 స్లైడ్‌రూల్

నాలుగో తప్పు కూడా కలపండి: 57.4 దగ్గరే ఆగిపోవడం. అది మేకు నుంచి సరిగ్గా 90 డిగ్రీల దూరంలో ఉన్న ఊళ్ల వేగం. సైన్‌తో గుణించాకే మన ఊరి వేగం.

విశాఖపట్నానికి (17.7 ఉత్తరం, 83.3 తూర్పు) ఇదే లెక్క వేస్తే 54.6 మి.మీ. వస్తోంది. హైదరాబాద్ కంటే దాదాపు 0.9 మి.మీ. ఎక్కువ. ఈ చోట పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: మరి విశాఖ ఏటా హైదరాబాద్‌కు దూరమవుతోందా?

#6 సర్వే_గొలుసు

చాలా మంచి ప్రశ్న. దూరమవదు. తిరగలి పై రాతి మీద సుద్దతో రెండు చుక్కలు పెట్టండి, ఒకటి మేకు దగ్గర, ఒకటి అంచున. వేగాలు వేరు, కానీ రాయి తిరుగుతున్నంతసేపూ చుక్కల మధ్య జానెడు జానెడుగానే ఉంటుంది. ప్లేటు లోపలి ఊళ్లూ అంతే. నిజమైన జీపీఎస్ కొలతల్లో కూడా దక్షిణ భారతం లోపల రెండు చోట్ల మధ్య దూరంలో మార్పు ఏడాదికి మిల్లీమీటరు కంటే తక్కువే.

మన సర్వే మిత్రులు ఒక విషయం పట్టించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేకు కోర్స్ స్టేషన్లు (ఒకేచోట బిగించి, ఎప్పుడూ జీపీఎస్ సంకేతాలు నమోదు చేసే కేంద్రాలు) వాడారు. పొలంలో తిప్పే జీపీఎస్ పరికరం, అంటే రోవర్, ఆ స్టేషన్‌తో పోల్చుకుని స్థానం చెబుతుంది. స్టేషన్, పొలం రెండూ ఒకే రాయి మీద కలిసి జరుగుతున్నాయి కాబట్టి గట్టు ఎక్కడికీ పోదు. అయితే స్టేషన్ నిరూపకాలను ఏదో ఒక తేదీ దగ్గర స్థిరపరిచి ఉంచుతారు. ఎవరైనా అదే పొలాన్ని స్టేషన్ సాయం లేకుండా, ఉపగ్రహాల కచ్చితమైన లెక్కలతోనే స్థానం కట్టే పీపీపీ పద్ధతిలో కొలిస్తే ఈ రోజు నాటి ఐటీఆర్‌ఎఫ్ నిరూపకాలు వస్తాయి. ఉదాహరణకు స్థిరపరిచిన తేదీకీ కొలిచిన తేదీకీ మధ్య 20 ఏళ్లుంటే తూర్పుకు 82 సెం.మీ., ఉత్తరానికి 70 సెం.మీ., మొత్తం మీటరుకు పైగా తేడా కనిపిస్తుంది. గట్టు జరిపారని పక్క రైతు మీద ఫిర్యాదు పెట్టేముందు రెండు కొలతల తేదీలూ చూడండి. కొత్త కొలతలోంచి ఏడాదికి 41, 35 మి.మీ. చొప్పున వెనక్కి తీసేస్తే రెండూ కలుస్తాయి.

ఫోన్‌లో ఈ కదలిక చూడాలని ప్రయత్నించకండి. దాని పొరపాటే కొన్ని మీటర్లు. స్తంభం మీద శాశ్వతంగా బిగించిన యాంటెన్నా కావాలి, కనీసం రెండున్నరేళ్ల రికార్డు కావాలి. వానాకాలంలో నీటి బరువుకు నేల కొద్దిగా కుంగి, ఎండాకాలంలో లేస్తుంది. రికార్డు పొట్టిదైతే ఆ ఊపు వేగంలో కలిసిపోతుంది. యాంటెన్నా మార్చిన రోజు గ్రాఫులో మెట్టు పడుతుంది, దాన్ని భూకంపం అనుకోవడం కూడా జరుగుతుంది.

#7 రాయీరప్పా

ఎవరెస్టు సంగతి నేను చెబుతాను. ఆ వాక్యాన్ని తీసేయండి.

ముందు 3.7 సెం.మీ. ఎటు పోతోందో చూద్దాం. అందులో సుమారు 2 సెం.మీ. హిమాలయాల కిందే ఖర్చవుతుంది. మిగతాది టిబెట్ లోపల, ఇంకా పైన తియాన్‌షాన్ వరకు, భూమి నలగడంలోనూ తూర్పుకు జారడంలోనూ పోతుంది. ఈ 2 సెం.మీ. అడ్డంగా జరిగే కదలిక, నిలువు కదలిక కాదు. భారత ప్లేటు హిమాలయాల కిందికి చాలా తక్కువ వాలుతో దూరుతోంది. దూరే ఆ తలమే హిమాలయ ప్రధాన ఫాల్ట్ (రాళ్లు ఒకదాని మీద ఒకటి జారే పగులు). దాని పై భాగం, మైదానం అంచు నుంచి ఉత్తరానికి దాదాపు 100 కి.మీ. మేర, రాపిడితో బిగిసిపోయి ఉంది. కింది లోతుల్లో వేడికి రాయి మెత్తబడి నిరంతరం జారుతూనే ఉంటుంది. పైన మాత్రం ఏటా 2 సెం.మీ. బాకీ పేరుకుంటుంది. వంద ఏళ్లకు 2 మీటర్లు, ఐదు వందల ఏళ్లకు 10 మీటర్లు. అది ఒక్కసారిగా తీరితే పెద్ద భూకంపం.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో బాకీ కొంతే తీరింది. పగులు తూర్పుకు సుమారు 150 కి.మీ. సాగింది గానీ మైదానం అంచు దాకా పైకి తేలలేదు. ఆ భాగం ఇంకా బిగిసే ఉంది. ఆ రోజు ఖాట్మండు సుమారు మీటరు పైకి లేచి, మీటరున్నర నుంచి రెండు మీటర్ల దాకా దక్షిణానికి జరిగింది. ఉత్తరాన ఉన్న ఎత్తైన కొండలు మాత్రం అర మీటరుకు పైగా కుంగాయి. రెండు భూకంపాల మధ్య కాలంలో నెమ్మదిగా లేచిన కొండలు భూకంపం రోజున కుంగాయన్న మాట. అందుకే పర్వతం ఎత్తు మెట్లెక్కినట్టు ఒకే తీరులో పెరగదు. కొలిచిన నిలువు వేగం ఏటా కొన్ని మిల్లీమీటర్లు. దాన్ని హిమానీనదాలు, నదులు, కొండచరియలు కోసేస్తుంటాయి. చార్టులో 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన 8848.86 మీటర్లు రాయండి, చాలు. పక్కన ఇంకొక్క మాట: శిఖరం మీది రాయి సముద్రపు సున్నపురాయి. ప్లేట్ల కదలికకు అంతకంటే బలమైన సాక్ష్యం పిల్లలకు చూపించలేం.

#8 స్లైడ్‌రూల్

> ఎత్తు మెట్లెక్కినట్టు పెరగదు

దీనికి ఒక హద్దు కూడా ఉంది, లెక్కతో చూపొచ్చు. భూమి పై పెంకు అయిన భూపటలం, దాని కిందున్న మాంటిల్ అనే మందపాటి పొర మీద నీళ్లలో దుంగలా నిలబడుతుంది. పటలం సాంద్రత 2.8, మాంటిల్ 3.3 అనుకోండి. టిబెట్ ఎత్తు 5 కి.మీ. దాన్ని మోయడానికి కింద ఉండాల్సిన వేరు: 5 × 2.8 ÷ (3.3 − 2.8) = 28 కి.మీ. మామూలు పటలం 38 కి.మీ. దానికి 5, 28 కలిపితే 71 కి.మీ. భూకంప తరంగాలతో కొలిచినప్పుడు టిబెట్ కింద దొరికిన మందం 65 నుంచి 75 కి.మీ. సరిపోయింది చూశారా!

ఈ ఆలోచన పుట్టింది భారత సర్వేలోనే. గంగా మైదానంలో కలియానాకూ దక్షిణాన కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను నేల మీద త్రిభుజాల కొలతతో ఒకసారి, నక్షత్రాలతో ఒకసారి లెక్కిస్తే 5.2 కోణ సెకన్లు తేడా వచ్చింది. నక్షత్రాల కొలతకు నిలువు దిశ చూపే తూనికగుండును హిమాలయాల బరువు తన వైపు లాగుతోందని కలకత్తా మతాధికారి ప్రాట్ లెక్కవేస్తే 15.9 సెకన్లు రావాలి. వచ్చింది అందులో మూడో వంతే. కొండల కింద తేలికైన రాయి లోతుగా ఉంటేనే అంత తక్కువ లాగుడు సాధ్యమని 1855లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ చెప్పాడు.

#9 పీజీ_జియాలజీ

"నీళ్లలో దుంగ" అన్నారు కదా, ప్లేట్లు కరిగిన లావా సముద్రం మీద తేలుతున్నాయని చాలా పుస్తకాల్లో ఉంది. అది సరేనా? అలాగే ప్లేటును నెట్టేది ఏమిటి? మాంటిల్‌లో ఉడికే నీళ్లలా సుడులు తిరుగుతాయని, అవే మోసుకెళ్తాయని చదివాం.

#10 రాయీరప్పా

లావా సముద్రం లేదు. మాంటిల్ ఘనపదార్థమే. ద్రవంలో ప్రయాణించలేని ఎస్ రకం భూకంప తరంగాలు మాంటిల్ గుండా హాయిగా వెళ్తాయి, అదే రుజువు. ఘనమైనా లక్షల ఏళ్ల మీద చాలా నెమ్మదిగా పారుతుంది. కరిగిన భాగం ఎక్కడున్నా కొద్ది శాతమే. లావా పుట్టేది ప్రత్యేకమైన చోట్ల: సముద్రపు గట్ల (ప్లేట్లు విడిపోయే చోట సముద్రం అడుగున ఉండే కొండల వరుసల) కింద ఒత్తిడి తగ్గినప్పుడు, కిందికి దిగిన ప్లేటు నీళ్లు వదిలినప్పుడు, మాంటిల్ లోతుల నుంచి వేడి రాతి స్తంభాలు పైకి వచ్చినప్పుడు.

నెట్టే బలాల్లో పెద్దది లాగే బలం. పాత సముద్రపు పటలం చల్లబడి బరువెక్కి కందకంలో (ఒక ప్లేటు ఇంకోదాని కిందికి దిగే సముద్రపు లోతైన గాడిలో) మునుగుతూ వెనకున్న ప్లేటునంతా లాక్కుపోతుంది. గట్ల దగ్గర ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడి నుంచి పక్కకు జారే బలం రెండోది, చిన్నది. ప్లేటు తానే మాంటిల్ సుడిలో పై భాగం. ఉడికే నీటి మీద తేలే ఆకులా దాన్ని బొమ్మ గీయడంతోనే తికమక వస్తోంది.

భారత ప్లేటు విషయంలో మాత్రం పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. 6.5 నుంచి 5 కోట్ల ఏళ్ల క్రితం అది యురేషియా వైపు ఏడాదికి 15 నుంచి 18 సెం.మీ. వేగంతో వచ్చింది. ఖండానికి అది చాలా ఎక్కువ వేగం. 2007లో హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి, ఒకప్పటి దక్షిణ మహాఖండం గోండ్వానాలోని మిగతా ముక్కల కింద శిలావరణం (పటలం, దాని కింది గట్టి మాంటిల్ కలిసిన పలక) 180 నుంచి 300 కి.మీ. మందం ఉంటే భారత్ కింద 100 కి.మీ.యే ఉందని చూపారు. వేడి స్తంభం అడుగును కరిగించేసిందని, వేరు తెగిన ప్లేటు తేలిగ్గా పరిగెత్తిందని వాళ్ల వాదన. 2015లో వచ్చిన ఇంకో వాదన ప్రకారం భారత్ ముందు ఒకటి కాదు, రెండు కందకాలు ఒకేసారి లాగాయి. నాకు రెండోదే బలంగా తోస్తుంది. వేగం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో దాంతో బాగా పొసుగుతుంది. మొదటి వాదన తోసేయదగ్గది మాత్రం కాదు.

#11 గౌరీపట్నం_నల్లరాయి

ఆ పరుగును రాజమండ్రి దగ్గరి రాళ్లలోనే చదవొచ్చు. గోదావరికి తూర్పున కాతేరు, పడమట గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కంకరకు కొడుతున్న నల్లరాయి, పశ్చిమ భారతాన్ని కప్పిన డెక్కన్ లావాయే. వయసు 6.6 కోట్ల ఏళ్ల దరిదాపు. అక్కడే పొంగిందని చాలామంది రాస్తారు. దాని రసాయన కూర్పు మహాబలేశ్వరం వైపు లావా పొరలతో సరిపోయింది. అందువల్ల అక్కడ పొంగి, అప్పటి నదీ లోయలు పట్టుకుని దాదాపు 1000 కి.మీ. ప్రవహించి ఈ తీరానికి చేరిందన్నది ఇప్పుడు బలంగా ఉన్న అభిప్రాయం.

లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకుంటాయి. ఆ దిశ నేల మట్టానికి ఎంత వాలి ఉందో అదే వంపు కోణం. సూత్రం చిన్నది: వంపు కోణం టాంజెంట్ = 2 × అక్షాంశం టాంజెంట్. డెక్కన్ రాళ్లు చెప్పే అక్షాంశం దాదాపు 30 డిగ్రీల దక్షిణం, అంటే వంపు 49 డిగ్రీలు ఉండాలి. ఇవాళ రాజమండ్రి 17 ఉత్తరం. మధ్య తేడా 47 డిగ్రీలు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 5200 కి.మీ. 6.6 కోట్ల ఏళ్లతో భాగిస్తే సగటున ఏడాదికి 8 సెం.మీ. రాయీరప్పా గారు చెప్పిన 15 నుంచి 18కీ ఇప్పటి 3.7కూ నడుమ పడింది.

ఒక జాగ్రత్త. క్వారీలో నమూనా తీసేముందు రాతి మీద ఉత్తర దిశ, వాలు రెండూ గీయాలి. విరగ్గొట్టాక గీస్తే ఆ ముక్క దేనికీ పనికిరాదు. పిడుగు పడిన చోట, పై మట్టికి దగ్గర్లో, తుప్పు రంగు తిరిగిన రాయి వద్దు. దాని అయస్కాంతత్వం కొత్తది.

#12 ఖొండలైట్

తూర్పు తీరం గురించి ఎవరూ ఎత్తలేదు. విశాఖలో కైలాసగిరి ఎక్కితే కాలి కింద ఉండేది ఖొండలైట్. తూర్పు కనుమల ఖోండు ప్రజల పేరు మీదే ఆ పేరు పెట్టారు. ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నని సూదుల్లా సిల్లిమనైట్, తుప్పు రంగు పూత. ఈ రాయి పటలం అడుగున, విపరీతమైన వేడిలో తయారైంది. దాదాపు వంద కోట్ల ఏళ్ల క్రితం ఇదీ, తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతమూ ఒకే పర్వత శ్రేణి. రెండు చోట్లా రాళ్ల వయసులు, అవి అనుభవించిన వేడి, ఒత్తిడి ఒక్క తీరుగా ఉంటాయి. మహానది లోయ చీలిక అంటార్కిటికాలో లాంబర్ట్ హిమానీనదం కిందున్న చీలికకు ఎదురుపడుతుంది.

13 కోట్ల ఏళ్ల క్రితం అటూ ఇటూ అవి విడిపోయాయి. విడిపోయేటప్పుడు తీరం మెట్లు మెట్లుగా కుంగి కృష్ణా గోదావరి బేసిన్ ఏర్పడింది. ఇవాళ మనం తోడుకుంటున్న గ్యాస్ ఆ మెట్ల మీద పేరుకున్న మట్టిలోనిదే. మన తీరం ప్లేటు అంచు కాదు, చీలిన పాత గాయం మానిన చోటు. అందుకే విశాఖ దగ్గర కందకమూ లేదు, అగ్నిపర్వతమూ లేదు.

#13 బొగ్గుబావి

మహానది పేరు వచ్చింది, గోదావరి పేరు కూడా రావాలి. ప్రాణహిత గోదావరి లోయ విడిపోబోయి ఆగిపోయిన చీలిక. రెండు వైపులా ఫాల్టులు, మధ్యలో కుంగిన పొడవాటి గోతి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. అడుగున తాల్చేరు పొరల్లో మంచు తోసుకొచ్చిన గుండ్రాళ్లు ఉంటాయి. ఇప్పుడు ఎండకు మాడే మంచిర్యాల, రామగుండం ప్రాంతం 30 కోట్ల ఏళ్ల నాడు దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉందనడానికి అవే గుర్తు. దాని మీద బారాకర్ పొరల్లో సింగరేణి బొగ్గు. గోతి కుంగుతూ ఉండబట్టే చెట్ల పేరుకుపోతలు అంత మందంగా నిలిచాయి, కుంగకపోతే కొట్టుకుపోయేవి. గోండ్వానా అన్న పేరే గోండుల నేల నుంచి వచ్చింది.

ఇక భూకంపాలు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3. హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా తెలిసింది. "ప్లేటు మన కింద చీలుతోంది" అని ఆ రోజు తిరిగిన సందేశాలకు ఆధారం లేదు. హిమాలయాల దగ్గర ప్లేటు ముందుకు పోలేక బిగుసుకుంటే ఆ ఒత్తిడి వెనకదాకా వస్తుంది. పాత చీలిక ఫాల్టులు బలహీనం కాబట్టి అక్కడ సర్దుకుంటుంది. అప్పట్లో లాగుడుకు తెగిన ఫాల్టే ఇప్పుడు నొక్కుడుకు కదులుతోంది.

#14 స్లైడ్‌రూల్

అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2 తీవ్రతే, అదీ ప్లేటు మధ్యలోనే. వేల మంది పోయారు. మట్టి పూతతో గుండ్రాళ్లు పేర్చిన మందపాటి గోడలు, పైన బరువైన మట్టి కప్పు ప్రాణాలు తీశాయి. భూకంపాన్ని తట్టుకునే కట్టడాల కోసం ఉన్న ఐఎస్ 1893 ప్రమాణం 2016 సంచికలో (జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) గోదావరి లోయ మూడో జోన్‌లో ఉంది, హైదరాబాద్ రెండో జోన్‌లో. భద్రాచలం, కొత్తగూడెం వైపు కొత్తగా కట్టేవాళ్లు కింద పార్కింగ్ అంతస్తును గోడలు లేకుండా వట్టి స్తంభాల మీద వదిలేయకండి. ఊపు వస్తే పై అంతస్తులన్నీ గట్టిగా ఉండి, వంగేదంతా ఆ ఒక్క అంతస్తులోనే వంగుతుంది. స్తంభాల్లో రింగులు దూరం దూరంగా వేసి, వాటి కొసలు 90 డిగ్రీలకే వంచితే ఊడిపోతాయి. 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి దూర్చాలి.

#15 తీరం_కెరటం

ఖొండలైట్ గారు చెప్పిన కందకం మనకు తూర్పున, అండమాన్ సుమత్రా వెంట ఉంది. 2004 డిసెంబరు 26న అక్కడ సుమారు 1300 కి.మీ. పొడవున పగిలింది, తీవ్రత 9.1. అంత దూరాన ఉన్న బెంగళూరు, హైదరాబాద్ జీపీఎస్ స్టేషన్లు కూడా దాదాపు సెంటీమీటరు తూర్పుకు లాగబడ్డాయి. #6లో చెప్పినట్టు జీపీఎస్ రికార్డు నుంచి వేగం కట్టేవాళ్లు ఆ మెట్టును విడిగా తీసేయాలి.

సునామీ వేగం పిల్లలు లెక్కకట్టొచ్చు: లోతును 9.8తో గుణించి వర్గమూలం. బంగాళాఖాతం 3000 మీటర్లు అనుకుంటే సెకనుకు 171 మీటర్లు, గంటకు 600 కి.మీ. పైనే. 1300 కి.మీ. దాటడానికి రెండు గంటలకు కాస్త ఎక్కువ. మన తీరానికి దొరికే వ్యవధి అంతే.

లోతు విషయంలో ఇంకో ముచ్చట ఉంది. సముద్రపు పటలం వయసు పెరిగేకొద్దీ చల్లబడి కుంగుతుంది: 2.5 కి.మీ. + 0.35 × వయసు వర్గమూలం (వయసు పది లక్షల ఏళ్లలో). 7 కోట్ల ఏళ్ల దాకా ఈ సూత్రం బాగా పనిచేస్తుంది, ఆపై కుంగడం మందగిస్తుంది. మన తీరం ముందు పటలం 12 కోట్ల ఏళ్లు దాటినది కాబట్టి నేల 5.5 కి.మీ. పైబడి లోతుండాలి. ఉన్నది 3. మిగతా లోతును గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన హిమాలయాల మట్టి పూడ్చేసింది. ఉత్తరాన ఆ మట్టి మందం 15 కి.మీ. దాటుతుంది. #7లో కొండల్ని కోసేస్తున్నాయన్నారే, కోసింది వచ్చి చేరింది ఇక్కడికే.

మన ప్లేటు కూడా ఒకే ముక్కగా లేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమట, కందకంలో కాకుండా ప్లేటు మధ్యలో, 8.6 తీవ్రతతో పక్కకు జారే భూకంపం వచ్చింది. హిమాలయాల దగ్గర ఆగిన భారత్, సుమత్రా కిందికి స్వేచ్ఛగా దిగుతున్న ఆస్ట్రేలియా ఒకదానికొకటి మెలిపడి విడిపోతున్న చోటు అది. "భారత ఆస్ట్రేలియా ప్లేటు" అని ఒకే రంగు వేసిన పాత పటాలు మార్చుకోవాలి.

#16 భూగోళం_టీచరు

అందరికీ నమస్కారం. చార్టు వాక్యాలు ఇలా రాశాను, తప్పుంటే దిద్దండి.

"భారత ప్లేటు ఏడాదికి 5.4 సెం.మీ. ఈశాన్యంగా కదులుతుంది (ప్రపంచ చట్రంలో, హైదరాబాద్ దగ్గర). యురేషియాతో పోలిస్తే 3.7 సెం.మీ. అందులో 2 సెం.మీ. వల్ల హిమాలయాలు పైకి లేస్తాయి."

#17 రాయీరప్పా

మొదటి రెండూ బాగున్నాయి. మూడోది చదివితే 2 సెం.మీ. ఎత్తు పెరుగుతుందని పిల్లలు అనుకుంటారు. "అందులో సుమారు 2 సెం.మీ. మేర భారత ప్లేటు హిమాలయాల కిందికి అడ్డంగా దూరుతుంది" అని మార్చండి.

#18 సర్వే_గొలుసు

బాణాలు గీసేటప్పుడు స్కేలు కూడా పెట్టండి. చార్టు మీద 1 సెం.మీ. బాణం ఏడాదికి 1 సెం.మీ. వేగం అనుకుంటే హైదరాబాద్ బాణం 5.4 సెం.మీ. పొడవు, నిట్టనిలువు గీత నుంచి కుడికి 49 డిగ్రీలు. యురేషియాతో పోల్చే బాణం వేరే రంగులో, 3.7 సెం.మీ., 21 డిగ్రీలు. రెండింటి తోకలూ హైదరాబాద్ చుక్క మీదే ఉండాలి. రెండు బాణాల మొనలనూ కలిపే గీత గీస్తే, అది హైదరాబాద్ దగ్గర లెక్కకట్టిన యురేషియా ప్లేటు వేగం: సుమారు 2.8 సెం.మీ., దాదాపు సూటిగా తూర్పుకు. దాన్ని పిల్లలతోనే స్కేలు పెట్టి కొలిపించండి.